పాతబస్తీ పిల్లల మనసు: ఆసుపత్రి గోడ నుండి అరుగు వరకు

హైదరాబాదు చరిత్ర వ్రాసినవారు నవాబుల వంశవృక్షాలు గీశారు, చార్మినారు ఎత్తు కొలిచారు, మూసీ వరదలో కొట్టుకుపోయిన ఇళ్ళను లెక్కించారు. ఈ నగరంలో పెరిగిన పదిహేనేళ్ళ పిల్లవాని మనసు ఏ కాలంలో ఎట్లా నలిగింది, అది నలగకుండా కాపాడటానికి ఎవరు ఏమి చేశారు అన్న చరిత్ర మాత్రం నా కంట పడలేదు. రాజుల చరిత్ర చరిత్ర కాదనీ, ప్రజల చరిత్రే చరిత్ర అనీ మనం చాలాకాలంగా అనుకుంటూనే వున్నాం. ప్రజలలో పిల్లలు కూడా వున్నారన్న సంగతి మాత్రం తరచు మరచిపోతున్నాం.

నేను వైద్యుణ్ణి కాను. మూసీకి దక్షిణపు వొడ్డున ఒక ప్రభుత్వ పాఠశాలలో చాలాకాలం తెలుగు పంతులుగా పనిచేశాను. ఈ విషయం మీద మాట్లాడటానికి నాకున్న యోగ్యత అదొక్కటే. అది యోగ్యతో, దోషమో పాఠకులే నిర్ణయించాలి.

1990 డిసెంబరులో పాతబస్తీలో మతకలహాలు చెలరేగి వందమందికి పైగా చనిపోయారు. కర్ఫ్యూ సడలిన తరువాత బడి తెరిచాం. తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడు వుండేవాడు. ఉర్దూ ఇంటి పిల్లవాడైనా తెలుగు పద్యం కంఠతా పట్టి అప్పజెప్పేవాడు. ఆ శీతకాలం నుండి నోరు విప్పడం మానేశాడు. ప్రశ్న వేస్తే గోడకేసి చూసేవాడు. ఒకనాడు పాఠం మధ్యలో నిద్రపోయాడు. నేను దానిని మొండితనమనుకున్నాను. బెత్తం తీసుకున్నాను. మరునాటి నుండి వాడు రాలేదు. కొన్నివారాల తరువాత వాని తల్లి బడి గేటు దగ్గర నిలబడి, "మాస్టర్ సాబ్, వాడు రాత్రులు పండుకోడు. తలుపు దిక్కే చూస్తా కూర్చుంటడు. మీరు జర సమ్ఝాయించుండ్రి" అన్నది. అప్పటికే ఆలస్యమైంది. వాణ్ణి తలాబ్‌కట్ట వైపు ఒక గాజుల కార్ఖానాలో పనికి పెట్టారు.

ఆ తల్లి చెప్పిన నాలుగు మాటలు వాడు నాకెందుకు చెప్పలేదు? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోతే అది నన్ను నాలుగు శతాబ్దాల వెనక్కి తీసుకుపోయింది.

1

పాతబస్తీకి వైద్యం కొత్త కాదు. చార్మినారు లేచిన నాలుగేళ్ళకు, 1595లో, మహమ్మద్ కులీ కుతుబ్‌షా దారుల్‌షిఫా కట్టించాడు. రెండంతస్తుల కట్టడం, నడుమ విశాలమైన ఆవరణ. రోగులు అక్కడనే వుండి యునానీ వైద్యం పొందేవారు, హకీములు అక్కడనే విద్య నేర్చేవారు. యునానీ శాస్త్రం దిగులును 'మాలీఖోలియా' అన్నది. శరీరంలో 'సౌదా' అనే నల్లని పిత్తం ప్రకోపించడం దానికి కారణమన్నది. ఆ సిద్ధాంతం నేటి శాస్త్రం ముందు నిలవదు. అయితే అందులో ఒక గుణమున్నది. మనసు జబ్బును అది ఒంటి జబ్బు నుండి వేరుచేసి వెలివేయలేదు. దిగులుపడినవానిని దయ్యం పట్టినవాడనలేదు, నేరస్థుడనలేదు, రోగి అన్నది.

ఆ తరువాత వచ్చిన కాలం గోడలు కట్టింది. నిజాం రాజ్యానికి జాల్నాలో పిచ్చాసుపత్రి వుండేది. 1950ల ఆరంభంలో దానిని హైదరాబాదుకు తరలించి ఎర్రగడ్డలో పెట్టారు. నాటి నుండి నేటిదాకా తెలంగాణమంతటా 'ఎర్రగడ్డ' అన్న మాట ఒక వూరి పేరుగా కాక ఒక తిట్టుగా వాడుకలో వున్నది. ఈ దేశంలో 1987లో కొత్త చట్టం వచ్చేదాకా చెల్లినది 1912 నాటి 'ల్యూనసీ' చట్టం. దానిలో రోగిని లోపలికి పంపే అధికారం ప్రధానంగా మేజిస్ట్రేటుది, తిరుగాడే మతిచలితుణ్ణి పట్టి తెచ్చే పని పోలీసుది. జబ్బుపడిన మనిషికి ఎదురయ్యే మొదటి ముఖం ఖాకీ బట్టల ముఖం అయినప్పుడు ఏ తల్లి తన కొడుకు బాధను బయటికి చెబుతుంది? దర్గాకు తీసుకుపోతుంది, తాయెత్తు కట్టిస్తుంది. చదువుకున్నవారు ఆమెను మూఢురాలంటారు. ఆమె మూఢత్వంలో సగం భయమే. ఆ భయం పుట్టించింది చట్టమే.

ఆ కాలంలోనే ప్రపంచంలో మరొక ఆలోచన మొలకెత్తింది. 1908లో, మూసీ పొంగి ఈ నగరాన్ని ముంచిన ఏడాదే, అమెరికాలో క్లిఫర్డ్ బీర్స్ అనే యువకుడు పిచ్చాసుపత్రులలో తాను పడిన హింసను గ్రంథంగా ప్రకటించాడు. మరుసటి ఏడు మానసిక ఆరోగ్య రక్షణకు అక్కడ జాతీయ సంఘం ఏర్పడింది. జబ్బు వచ్చాక బంధించడం కాదు, రాకముందే బాల్యంలో కాపాడాలన్నది ఆ వుద్యమ సారాంశం. మన దేశంలో ఆ ఆలోచన 1937లో బొంబాయిలో టాటా సాంఘిక విద్యాసంస్థ పెట్టిన బాలల మార్గదర్శక కేంద్రంగా రూపుదాల్చింది. 1946లో భోర్ కమిటీ లెక్క చూసేనాటికి మాత్రం దేశం మొత్తానికి మనోరోగులకున్నవి సుమారు 10 వేల మంచాలు. నలభై కోట్ల ప్రజలకు పదివేల మంచాలున్న దేశంలో పిల్లల దిగులు గురించి అడిగే తీరిక ఎవరికుంటుంది?

2

ఇక్కడ పాతబస్తీ ఆర్థిక చరిత్రను కొంచెం చూడక తప్పదు. మనసు గాలిలో వుండదు. ఇంటిలో, వీధిలో, తండ్రి సంపాదనలో వుంటుంది.

1948 సెప్టెంబరు పోలీసు చర్యతో నిజాం పాలన అంతరించింది. 1949లో జాగీర్లు రద్దయినాయి. రద్దు కావలసినవే. భూస్వామ్యం కూలినందుకు మనం సంతోషించాం, సంతోషించాలి. కాని ఆ జాగీర్ల మీద, పాయిగాల మీద, నిజాం సొంత సైన్యాల మీద ఆధారపడి మూసీకి ఇవతల బ్రతికినవారంతా జాగీర్దారులు కారు. ద్వారపాలకులు, గుమాస్తాలు, వంటవారు, గుర్రపువాళ్ళు, చేతిపనివాళ్ళు వారిలో ఎక్కువ. కొలువులు పోయినాయి, బదులుగా కార్ఖానాలు రాలేదు. పరిశ్రమలు నగరానికి ఉత్తరాన, పడమరన వెలసినాయి. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం మాధ్యమం మార్చుకున్నది. తండ్రి నేర్చిన భాషకు బజారులో విలువ తరిగింది. తాత చెప్పిన వైభవానికీ, తాను చూస్తున్న మురుగుకాల్వకూ నడుమ పెరిగిన పిల్లవానికి మిగిలింది అరుగు. దానినే అక్కడ చబూత్రా అంటారు.

చబూత్రా అంటే ఇంటి ముందు రాతి గద్దె. రెండు గదుల్లో ఎనమండుగురు పండుకునే ఇంట్లో మగపిల్లవానికి రాత్రి పదకొండు దాకా చోటు అక్కడే. క్రికెట్ లెక్కలు, సినిమా కథలు, దుబాయి పోయిన అన్న ఉత్తరం, పెళ్ళికాని అక్క గురించిన దిగులు, అన్నీ ఆ రాతి మీదనే దొర్లుతాయి. ఆడపిల్లకు ఆ రాయి కూడా లేదు. ఆమెకున్నది కిటికీ పరదా.

ఈ జీవితం మీదనే 1978 నుండి 1990 దాకా కర్ఫ్యూలు మాటిమాటికీ వచ్చిపడ్డాయి. 1990 తరువాత కొందరు ఒక పని చేశారు. స్వచ్ఛంద సంస్థలు కలిసి 'కోవా' అనే సమాఖ్యగా ఏర్పడి బస్తీలలో హిందూ ముస్లిం యువకులను, స్త్రీలను ఒకచోట కూర్చోబెట్టాయి. సుల్తాన్‌షాహీలో హెన్రీ మార్టిన్ సంస్థవారి 'అమన్ శాంతి' కేంద్రం రెండు మతాల పిల్లలకు చదువూ కుట్టుపనీ నేర్పింది. 2002లో దక్కనీ కవయిత్రి జమీలా నిషాత్ అదే పేటలో 'షాహీన్' స్థాపించి, పెళ్ళి పేరిట పరదేశపు ముసలివారికి అమ్ముడుపోయే ఆడపిల్లల పక్షాన నిలిచింది. వీటిలో ఏ ఒక్కదాని పలక మీదా 'మానసిక ఆరోగ్యం' అన్న మాట ప్రధానంగా లేదు. కాని ఆడపిల్ల గడప దాటి మరొక ఆడపిల్లతో తన భయం చెప్పుకోవడం, కర్ఫ్యూలో అవతలి గల్లీ పిల్లవాణ్ణి శత్రువనుకున్నవాడు వానితో క్యారంబోర్డు ఆడటం నివారణ కాకపోతే మరేది నివారణ? ఈ నగరంలోనే స్త్రీల అధ్యయన కేంద్రం 'అన్వేషి' 1990లలో స్త్రీల మనోవేదనను కేవలం మెదడు జబ్బుగా చూడరాదని, ఇంటి అధికారంతో కలిపి చూడాలని వాదించింది. ఆ వాదం పాతబస్తీ కిటికీ పరదాకు సరిగ్గా అన్వయిస్తుంది.

ఇదే కాలంలో రాజ్యం ఏమి చేసిందో కూడా చెప్పాలి. 2007 మే 18న మక్కామసీదులో బాంబు పేలి తొమ్మిదిమంది, ఆ తరువాత పోలీసు కాల్పులలో మరికొందరు చనిపోయారు. పేలుడు తరువాత పదులకొద్దీ ముస్లిం యువకులను పట్టుకుపోయారు. హింసించారన్న ఆరోపణలను రాష్ట్ర మైనారిటీల కమిషన్ తరఫున విచారించిన న్యాయవాది తన నివేదికలో వాటిని బలపరిచాడు. కేసులు నిలవలేదు. ప్రభుత్వం తరువాత నష్టపరిహారం, సత్ప్రవర్తన పత్రాలు ఇచ్చింది. ఆ పరిహారాన్ని 2013లో హైకోర్టు కొట్టివేసింది. ఇరవయ్యేళ్ళవానికి సత్ప్రవర్తన పత్రం ఇవ్వవలసి వచ్చిందంటే, అంతకు ముందు వాని మొగం మీద ఏమి వ్రాసి పెట్టినట్లు? వాని తమ్ముడు ఆ రాత్రి నుండి తలుపు వైపే చూస్తూ కూర్చుని వుండడా?

3

ప్రభుత్వ కార్యక్రమాలు లేవని నేను అనను. కాగితం మీద చాలానే వున్నాయి. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రకటించారు. 1996లో జిల్లా స్థాయికి దించారు. మొదట ఎంచిన నాలుగు జిల్లాలలో మన మెదక్ ఒకటి. పదకొండవ ప్రణాళిక కాలంలో బడులను, కాలేజీలను దానిలో చేర్చారు. 2014లో వచ్చిన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కౌమార దశలోని మనసును ఆరు ప్రధానాంశాలలో ఒకటిగా చేర్చింది. 2020లో ప్రతి బడికీ ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా నియమించే పథకం వచ్చింది. 2022 అక్టోబరు 10న 'టెలి-మానస్' ఫోను సేవ మొదలైంది. 14416కు ఎవరైనా ఏ వేళనైనా చేయవచ్చు. హైదరాబాదులో 'రోష్నీ' సంస్థ 1997 నుండే ఇటువంటి ఫోను దగ్గర కూర్చుని వింటున్నది. 2017 చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించినవానిని తీవ్రమైన వొత్తిడిలో వున్నవానిగా పరిగణించాలన్నది. 2024 జులైలో అమలుకు వచ్చిన న్యాయసంహితలో అతనిని శిక్షించే పాత సెక్షను లేనేలేదు. ఇది చిన్న విజయం కాదు. 1912 నాటి ఖాకీ నీడ కొంత వెనక్కి తగ్గింది.

కాని నీడ ఒక తలుపు గుండా పోయి మరొక తలుపు గుండా వచ్చింది. 2010ల నడిమి నుండి పాతబస్తీలో పోలీసులు 'ఆపరేషన్ చబూత్రా' పేరిట అర్ధరాత్రి అరుగుల మీద, వీధులలో కనబడిన యువకులను పట్టుకుపోయి, ఫంక్షన్ హాళ్ళలో కూర్చోబెట్టి, తల్లిదండ్రులను పిలిపించి 'కౌన్సెలింగ్' ఇవ్వడం మొదలుపెట్టారు. నేరాలు తగ్గించాలన్న వుద్దేశాన్ని నేను శంకించను. పిల్లవాడు రాత్రంతా వీధిలో వుండరాదనే తల్లులు కొందరు దీనిని మెచ్చుకున్న మాటా నిజమే. కాని ఆ మాట పాడైపోయింది. 'కౌన్సెలింగ్' అంటే తన మాట మరొకరు వినడం. పాతబస్తీ పిల్లవానికి ఆ మాట మొదట పరిచయమైంది తండ్రి ఎదుట తలవంచుకుని తిట్లు వినడం అన్న అర్థంలో. రేపు బడిలో 'కౌన్సెలర్ వచ్చాడు' అంటే వాడు ఎటు పరుగెత్తుతాడో వూహించడం కష్టం కాదు. అరుగు నేరానికి నెలవు కావచ్చు. కాని అదే ఆ వీధికి గ్రంథాలయం, ఆటస్థలం, ఆరోగ్య కేంద్రం కూడా. వాటిని వేరుగా కట్టి ఇవ్వకుండా అరుగును ఖాళీ చేయించడం సంస్కరణ అనిపించుకోదు.

పోలీసు సంగతి సరే, చదువు సంగతి? 2019 ఏప్రిల్ 18న ఇంటర్మీడియేట్ ఫలితాలు వెలువడినాయి. మూడు లక్షలకు పైగా విద్యార్థులు తప్పారు. మార్కుల లెక్కలో తప్పులు దొర్లాయి. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేసి, తరువాత 99గా దిద్దారు. ఆ రోజులలో తెలంగాణలో ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. అక్కడ కూడా ఒక్క కారణంతో ఎవరూ చావరని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ మాట నిజం. కాని పదిహేడేళ్ళ మనిషి విలువను ఒక్క కాగితం మీద తేల్చే వ్యవస్థ ఆ కారణాలలో ఒకటి కాదని ఎవరనగలరు? 2025 జులై 25న సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణం మీద ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చిన కేసులో, పదిహేను మార్గదర్శకాలు జారీ చేసింది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల సలహాదారు ఒకరైనా వుండాలనీ, మార్కులను బట్టి పిల్లలను జట్లుగా విడదీయరాదనీ ఆదేశించింది. ఆదేశం మంచిది. దానిని తలాబ్‌కట్ట బడి దాకా మోసేది ఎవరు?

4

ఎవరు అన్న ఈ ప్రశ్నే కీలకం. దీనికి సమాధానం ఇటీవలి పరిశోధనలలో దొరుకుతుంది.

2015లో ఐరోపాలోని పది దేశాలకు చెందిన 168 బడులలో, 11 వేలకు పైగా పిల్లలతో జరిపిన ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. కొన్ని బడులలో ఉపాధ్యాయులకు ప్రమాద సూచనలు గుర్తించే శిక్షణ ఇచ్చారు. కొన్నింటిలో పిల్లలే కూర్చుని, నాటికలు ఆడి, తమ కష్టాలు తాము చర్చించుకున్నారు. ఏడాది తరువాత చూస్తే, పిల్లలే మాట్లాడుకున్న బడులలో ఆత్మహత్యా ప్రయత్నాలు మామూలు బడులతో పోలిస్తే సగానికి తగ్గాయి. ఉపాధ్యాయుల శిక్షణ వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2018లో బీహారులోని నలందా జిల్లాలో 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో జరిగిన పరీక్ష మరింత స్పష్టమైనది. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడులలో ఉపాధ్యాయునికి, కొన్నింటిలో బయటనుండి వచ్చిన సామాన్య శిక్షితునికి అప్పగించారు. ఆ రెండవవాడు డాక్టరు కాడు. నెలనెలా సభ పెట్టాడు, గోడపత్రిక నడిపాడు, పిల్లలు పేరు లేకుండా బాధ వ్రాసి వేయటానికి ఒక పెట్టె పెట్టాడు, కోరినవారితో విడిగా మాట్లాడాడు. అతడున్న బడులలో పిల్లల దిగులు తగ్గింది, కొట్లాటలు తగ్గాయి, బడి అంటే ఇష్టం పెరిగింది. ఉపాధ్యాయుడు నడిపిన బడులలో మార్పు కనబడలేదు. బ్రిటనులో 85 బడులలో ఉపాధ్యాయుల చేత ధ్యానం నేర్పించి చూశారు. 2022లో తేలిన ఫలితం ప్రకారం మామూలు బడుల కంటే మెరుగు లేదు.

నా తోటి ఉపాధ్యాయులు దీనికి కోపగించుకోకూడదు. మనం చెడ్డవాళ్ళమని దీని అర్థం కాదు. మన చేతిలో బెత్తం వుంది, మార్కుల పట్టిక వుంది, తండ్రిని పిలిపించే అధికారం వుంది. తరగతికి డెబ్బయిమంది వున్నారు. ఇన్ని వున్నచోట పిల్లవాడు నోరు విప్పడు. ఆ పిల్లవాడు నాకెందుకు చెప్పలేదన్న ప్రశ్నకు నలందా నాకు సమాధానం చెప్పింది. దారుల్‌షిఫా కాలం తరువాత మన సమాజం పిల్లవాని ఎదుట నిలబెట్టిన ప్రతి మనిషికీ అతనిని శిక్షించే అధికారం వుంది. వినే పని ఒక్కటే వున్న మనిషిని మనం నిలబెట్టలేదు.

అందుచేత నేను కోరేవి పెద్దవి కావు. పాతబస్తీలో ప్రతి ప్రభుత్వ బడికీ, ప్రతి ఉర్దూ మాధ్యమ బడికీ, దక్కనీ మాట్లాడే, ఆ బస్తీలోనే పెరిగిన ఒక యువతినో యువకుణ్ణో శిక్షణ ఇచ్చి నియమించాలి. వారి చేతికి మార్కులు ఇవ్వకూడదు. 2018 నుండి వెలసిన బస్తీ దవాఖానాలతో వారిని కలపాలి; జబ్బు ముదిరినవారిని ఎక్కడికి పంపాలో వారికి తెలియాలి. ప్రతి పేటలో సాయంకాలం తెరిచి వుండే ఒక గది, ఆడపిల్లలకు వేరే వేళలతో సహా, కావాలి. 2015 జనవరిలో ఈ బస్తీలలోని గాజుల కార్ఖానాల నుండి రెండువందలకు పైగా పిల్లలను విడిపించారు. వారిలో అధికులు బీహారు నుండి వచ్చినవారు. కార్ఖానాలో పన్నెండు గంటలు కూర్చునే పిల్లవానికి బడిలోని సలహాదారు అందడు. కూలి, చదువు, ఇల్లు అన్న ప్రశ్నలను వదిలి మనసును మాత్రం బాగుచేస్తామనేవారు తమను తాము మోసగించుకుంటున్నారు. ఆ ప్రశ్నలు తేలేదాకా పిల్లవాణ్ణి ఒంటరిగా వుంచుదామనేవారూ అంతే.

ఆ పిల్లవాణ్ణి నేను మళ్ళీ చూశాను. ఇప్పుడు నడివయసు మనిషి. శాలిబండ దగ్గర ఒక అరుగు మీద నలుగురు కుర్రవాళ్ళ మధ్య కూర్చుని వున్నాడు. గుర్తుపట్టి లేచి సలాం చేశాడు. ఛాయ్ తెప్పించాడు. నేను ఆనాటి బెత్తం సంగతి ఎత్తి క్షమించమన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "జానేదో సార్. ఆ దినాలల్ల ఏమైందిరా అని ఎవరన్న అడిగితె బాగుండు అనిపిస్తుండె. ఎవరు అడగలె. గందుకే వీళ్ళను రోజు అడుగుత" అని ఆ కుర్రవాళ్ళకేసి చూపించాడు.

అతనికి ఏ ప్రభుత్వమూ జీతమివ్వదు, ఏ పథకంలోనూ అతని పేరు లేదు. పాతబస్తీ మానసిక ఆరోగ్య చరిత్ర వ్రాయదలచినవారు ఎర్రగడ్డ నుండి కాక ఆ అరుగు నుండి మొదలుపెట్టాలని నా మనవి.